బోర్డు మార్చే ముందు, ప్యాకెట్ అచ్చు వేయించే ముందు

వ్యాపార సందేహాలు – సమాధానాలు

ఈ విడత వచ్చిన ఉత్తరాల్లో ఎక్కువ భాగం శ్రీకాకుళం, విజయనగరం జిల్లాలవే. లోగోకూ ప్యాకెట్‌కూ బోర్డుకూ డబ్బు పెడుతున్నాం కాని, ఆ డబ్బుతో వ్యాపారం ఎలా పెరుగుతుందో తెలియడం లేదన్నదే దాదాపు అందరి గోడు. చోటు చాలదు కనుక ఐదు ఉత్తరాలనే తీసుకున్నాను. రాసినవారి పేర్లు, దుకాణాల పేర్లు తొలగించాను.

ప్రశ్న: మాది పలాస. ఇరవై రెండేళ్లుగా జీడిపప్పు పరిశ్రమ నడుపుతున్నాను. ఉద్దానం రైతుల దగ్గర జీడిపిక్కలు కొని, పప్పు తీయించి, గ్రేడులుగా ఏరించి డబ్బాల్లో బయటి ఊళ్ల వ్యాపారులకు పంపుతాం. ధర ఎప్పుడూ వాళ్లు చెప్పిందే. చదువు ముగించుకొని వచ్చిన మా అబ్బాయి పావుకిలో, అరకిలో, కిలో ప్యాకెట్లు సొంత పేరుతో తెద్దామంటున్నాడు. విశాఖపట్నంలో ఒక డిజైనరు నలుపు మీద బంగారు రంగుతో మూడు నమూనాలు ఇచ్చారు. చూడటానికి విదేశీ సరుకులా ఉన్నాయి. మావాడికి నచ్చాయి, నాకు భయంగా ఉంది. మూడింటిలో ఏది ఎంచుకోమంటారు?

జవాబు: ఇప్పటికి ఏదీ వద్దు. నమూనాలు బాగాలేక కాదు; మీరు పంపిన ఫొటోల్లో రెండోది నిజంగానే ముచ్చటగా ఉంది. అయితే మూడు పేజీల మీ ఉత్తరంలో, ఆ ప్యాకెట్‌ను ఎవరు, ఎక్కడ, ఏ అవసరానికి కొంటారన్న సంగతి ఒక్క వాక్యంలో కూడా లేదు. డిజైనరుకూ మీరు అది చెప్పి ఉండరు. చెప్పనప్పుడు ఆయన తన కంటికి అందంగా తోచినదే గీస్తారు, ఆయనను తప్పుపట్టలేం.

ఇన్నాళ్లూ మీ సరుకు కొన్నది వ్యాపారులు. డబ్బా మూత తీసి గుప్పెడు పప్పు అరచేతిలో పోసుకొని చూస్తే వారికి అన్నీ తెలిసిపోతాయి. డబ్ల్యూ-320 అంటే ఒక పౌనుకు, అంటే దాదాపు 454 గ్రాములకు, 300 నుంచి 320 గుండ్లు (విరగని గింజలు) తూగే పప్పు అనీ, 240 అంటే అంతకంటే పెద్దదనీ, 180 ఇంకా పెద్దదనీ వారికి ఎవరూ చెప్పనక్కర్లేదు. రేపు మీ ప్యాకెట్‌ను చేతిలోకి తీసుకోబోయే ఇల్లాలికి ఈ లెక్క తెలియదు. చెప్పినా, అంకె పెరిగేకొద్దీ గింజ చిన్నదవడం ఆమెకు తలకిందులుగా తోస్తుంది. కనుక మీరు చేయబోతున్నది అమ్మకాన్ని కొంత పెంచుకోవడం కాదు, కొనేవారినే మార్చుకోవడం. సరుకు అదే అయినా వ్యాపారం కొత్తది, ప్యాకెట్ ఆ కొత్త వ్యాపారానికి తగ్గట్టు ఉండాలి.

మీకు కనీసం మూడు దారులు కనిపిస్తున్నాయి. మొదటిది 16వ నంబరు జాతీయ రహదారి మీద కారు ఆపి కొనేవారు, పలాస స్టేషనులో దిగి వెళుతూ చుట్టాలకని పట్టుకుపోయేవారు. వీరికి 'పలాస' అన్న ఊరి పేరే నమ్మకం. వీరిలో ఒడిశా వైపు వెళ్లేవారూ చాలామంది ఉంటారు కనుక ఊరి పేరు తెలుగుతోపాటు ఒడియాలో కూడా ఉంటే మంచిది. గింజ కంటికి కనబడాలన్నది వీరి మొదటి కోరిక. రెండోది పెళ్లిళ్లకు, దీపావళికి కానుకగా కొనేవారు. వీరు ప్యాకెట్‌ను కాదు, పెట్టెను కొంటారు. పుచ్చుకున్నవారి ముందు అది గొప్పగా కనబడాలి. మూడోది విశాఖలోనో హైదరాబాదులోనో ఉండి, నెలనెలా కిరాణా సరుకుతోపాటు పావుకిలో తెప్పించుకునే కుటుంబం. పోయిన నెల వచ్చిన గింజే ఈ నెలా రావడం, దుకాణం అరలో కాని ఫోను తెరమీద గోరంత బొమ్మలో కాని ప్యాకెట్‌ను చటుక్కున గుర్తుపట్టగలగడం వీరికి ముఖ్యం.

మీ డిజైనరు గీసిన నలుపు, బంగారం రెండో దారికి సరిగ్గా సరిపోతాయి. మూడో దారిలో అవే అడ్డుపడతాయి, ఎందుకంటే నెలవారీ సరుకు కొనే మనిషికి ఆ రంగులు 'ఇది ఖరీదైనది, పండగకు చూద్దాంలే' అని చెబుతాయి. వ్యాపారి చెప్పిన ధరకు తలూపే స్థితి నుంచి బయటపడటం మీ అసలు కోరిక కనుక, ఏడాది పొడవునా కదిలే మూడో దారినే గమ్యంగా పెట్టుకోమంటాను. కానుకల వ్యాపారం ఏడాదిలో కొద్ది నెలలదే, మిగిలిన నెలల్లో మీరు మళ్లీ డబ్బాల వ్యాపారి గుమ్మం ముందే నిలబడాలి. అయితే మొదటి ఏడాది రహదారి మీదే అమ్మి చూడండి. కమీషన్లు లేవు, రవాణా లేదు, కొన్నవారి మాట నేరుగా మీ చెవిన పడుతుంది.

ఇక ఖర్చు సంగతి. మీ అబ్బాయి దీన్ని ముందే లెక్క వేసి ఉంటే బాగుండేది. అచ్చు వేసిన లామినేటెడ్ పౌచ్‌లను ఎక్కువ సంఖ్యలో తయారుచేసే పద్ధతిలో ఒక్కో రంగుకు ఒక్కో సిలిండరు చెక్కించాలి. లెక్క కోసం సిలిండరు ఆరు వేల రూపాయలనుకుందాం. ఎనిమిది రంగుల డిజైనుకు ఒక సైజుకే 48 వేలు, మూడు సైజులకు 1,44,000 రూపాయలు అవుతుంది. అదే డిజైనును మూడు రంగులకు కుదిస్తే మూడు సైజులకూ కలిపి 54 వేలతో తీరుతుంది. మిగిలిన తొంభై వేలు ఈ ఏడాది పిక్కల కొనుగోలుకు పనికొస్తాయి. పైగా సిలిండరు చేయించినవారు పౌచ్‌లను వందల్లో ఇవ్వరు, వేలల్లో తీసుకోవాలి. తరువాత ఒక్క అక్షరం మార్చాలన్నా మళ్లీ చెక్కించాలి. అందుకని మొదటి ఏడాది అచ్చులేని మంచి పౌచ్ కొని, పేరును, గింజ పరిమాణాన్ని, బరువును స్టిక్కరుగా అంటించండి. ఏ సైజు కదులుతోందో, ఏ మాట చదివి కొంటున్నారో తెలిశాక సిలిండర్ల జోలికి పోవచ్చు. స్టిక్కరు చిన్నతనమని మీ అబ్బాయి అనవచ్చు. అమ్ముడుపోని సైజుకు అచ్చువేసిన పౌచ్‌ల మూటలు గోడౌనులో పడి ఉండటం అంతకంటే చిన్నతనం, నేను చూశాను.

గింజ కనబడాలన్న కోరికకు ఒక హద్దు ఉంది. గాలి, వెలుతురు తగిలితే జీడిపప్పులోని నూనె చెడి వాసన మారుతుంది. రహదారి మీద అదే వారం తినే ప్యాకెట్‌కు పారదర్శకమైన కిటికీ ఫరవాలేదు. హైదరాబాదు దుకాణం అరలో నెలల తరబడి ఉండవలసిన ప్యాకెట్‌కు వెలుతురు చొరని లోపలి పొర, నైట్రోజన్ నింపడం, గింజ అసలు పరిమాణంలో ముద్రించిన ఫొటో మంచివి. 'డబ్ల్యూ-240' అన్నది మూలన చిన్నగా ఉంచి, 'పెద్ద గుండు', 'మధ్య గుండు', 'బద్ద' అని ఎదురుగా రాయండి. ఈ చిన్న మార్పు మీ ఉత్తరంలోని మూడు లోగోల కంటే ఎక్కువ అమ్మకం తెస్తుందని నా నమ్మకం.

పేరు విషయంలో రెండు మాటలు. 'పలాస' అన్న మాటను మీ ఒక్కరి సొత్తుగా ట్రేడ్‌మార్కు చేయించుకోవడం కుదరదు. సరుకు పుట్టిన చోటును తెలిపే మాట ఒక్కరికే చెందదని 1999 ట్రేడ్‌మార్కుల చట్టం చెబుతుంది. ప్యాకెట్ మీద ఊరి పేరు పెద్దగా వేసుకోండి, దాని పక్కన పూర్తిగా మీదైన పేరు ఒకటి ఉండాలి. ఆ పేరులో జీడిపప్పును ఇరికించవద్దు. ఉద్దానంలో కొబ్బరి కూడా ఉందని, నాలుగేళ్ల తరువాత దాని మీదా దృష్టి పెడతానని మీ అబ్బాయే రాశాడు. జీడిగింజ బొమ్మ ఉన్న లోగోతో కొబ్బరినూనె అమ్మడం ఎంత కష్టమో ఇప్పుడే ఊహించుకోండి. లోగో కంటే ముందు పేరును, ఉత్త అక్షరాలుగా, నమోదు చేయించండి. బొమ్మ, రంగు తరువాత మారినా పేరుకు రక్షణ ఉంటుంది. ట్రేడ్‌మార్కుల కోసం సరుకులను విభజించిన తరగతుల్లో శుద్ధిచేసిన పప్పులు 29వ తరగతిలోకి వస్తాయి. వ్యక్తులకూ చిన్న పరిశ్రమలకూ ఆన్‌లైన్ దరఖాస్తు రుసుము తరగతికి 4,500 రూపాయలు. మన రాష్ట్రం చెన్నై ట్రేడ్‌మార్కు రిజిస్ట్రీ కిందికి వస్తుంది. ట్రేడ్‌మార్కు జర్నల్లో ప్రకటించాక నాలుగు నెలల వరకు ఎవరైనా అభ్యంతరం చెప్పవచ్చు, నమోదైతే పదేళ్లు చెల్లుతుంది, ఆ తరువాత పొడిగించుకోవచ్చు. మీ నమూనాలన్నిటిలోనూ సున్నాలో 'ఆర్' గుర్తు కనిపించింది. నమోదు పూర్తికాకుండా దాన్ని వేయడం చట్టరీత్యా తప్పు. వెంటనే తీయించి, అంతవరకు 'టీఎం' వాడుకోండి.

ప్రశ్న: మేము విజయనగరం జిల్లాలో మామిడి తాండ్ర చేసే మహిళా సంఘం. భీమాలి తాండ్ర పేరు మీరు వినే ఉంటారు, మాది ఆ చుట్టుపక్కలే. ఇన్నాళ్లూ తూకానికి అమ్ముకున్నాం. ఇప్పుడు హైదరాబాదు, బెంగళూరు పంపాలని ఉంది. పేరు ఇంగ్లీషులో ఉంటేనే అక్కడ కొంటారని మా లెక్కలు చూసే అబ్బాయి అంటున్నాడు. తెలుగులో వేయిస్తే అక్షరాలు అలుక్కుపోయి వస్తున్నాయి. రంగు కూడా ఫోనులో చూసినట్టు రావడం లేదు. ఏం చేయమంటారు?

జవాబు: అమ్మా, బెంగళూరులో మీ తాండ్ర మొదట కొనబోయేది ఎవరో ఆలోచించండి. ఇల్లు వదిలి ఉద్యోగాలకు వెళ్లిన మనవాళ్లే. 'తాండ్ర' అన్న మాట చదవగానే వారికి చాప మీద పొర మీద పొరగా రసం పోసి ఎండబెట్టిన పెరడు గుర్తొస్తుంది. అదే సరుకుకు 'మ్యాంగో జెల్లీ' అని పేరు పెడితే, చాక్లెట్ల అరలో రంగురంగుల జెల్లీల పక్కన అది కూర్చోవలసి వస్తుంది. అక్కడ మీరు ధరలోనూ తళుకులోనూ నిలవలేరు. మీ సంఘం రాబోయే రెండు మూడేళ్లలో తెలుగు కుటుంబాలకే అమ్మాలనుకుంటున్నట్టయితే తెలుగు అక్షరం పెద్దదిగా, ఇంగ్లీషు దాని కింద చిన్నదిగా ఉండటమే సరైన డిజైను. తెలుగు రాని కొనుగోలుదారులు మీ లక్ష్యమైన రోజున ఈ వరుస మార్చుకోవచ్చు, కాని ఆ రోజు ఇంకా రాలేదు. అయితే సరుకు పేరు, నికర బరువు, ధర, తయారీ తేదీ వంటి తప్పనిసరి వివరాలు ఇంగ్లీషులోనో హిందీలోనో ఉండి తీరాలని నిబంధన. తెలుగును వాటికి అదనంగా వేసుకోవచ్చు.

అక్షరాలు అలుక్కుపోవడంలో తప్పు తెలుగుది కాదు. 'తాండ్ర' అన్న మాటలోనే ఒక సున్న, డకారం, దానిని చుట్టుకొని వచ్చే క్రావడి ఉన్నాయి. అక్షరం చిన్నదై, గీత లావైతే లోపలి ఖాళీలు సిరాతో పూడుకుపోతాయి. ముదురు రంగు మీద తెల్ల అక్షరాలుగా వేస్తే చుట్టూ ఉన్న సిరా లోపలికి పాకి ఇంకా పాడవుతాయి. మీరు పంపిన ప్యాకెట్‌లో ఈ రెండు తప్పులూ ఉన్నాయి. లేత రంగు మీద ముదురు అక్షరం, కాస్త పల్చని గీత, వత్తులకు కింద చాలినంత జాగా ఉండేలా అడగండి. యూనికోడ్‌లో, అంటే ఏ ఫోనులోనైనా కంప్యూటరులోనైనా చదవగలిగే పద్ధతిలో, ఉచితంగా దొరికే తెలుగు ఫాంట్లు ఇప్పుడు చాలా ఉన్నాయి. వాటిలో 'గిడుగు', 'గురజాడ' అన్న పేర్లు గలవి కూడా ఉండటం మన ప్రాంతం వారికి ముచ్చటే. శ్రీముఖలింగం దగ్గర పుట్టిన రామమూర్తి పంతులు గారి పేరూ, విజయనగరంలో బతికిన అప్పారావు గారి పేరూ తాండ్ర ప్యాకెట్ మీది అక్షరాలకు కారణమైతే అంతకంటే ఏం కావాలి! ఊళ్లోని డీటీపీ దుకాణాల్లో ఎక్కువగా వాడే అను ఫాంట్లతో కొట్టించిన మాటలు అచ్చుకు బాగానే ఉంటాయి; కాని అదే ఫైలులోని మాటలను ఫోనులో ఆర్డరు పేజీకి అతికిస్తే అర్థంలేని గుర్తులు వస్తాయి. ఆన్‌లైన్‌లో అమ్మాలన్నది మీ ఉద్దేశమైతే మొదటి రోజు నుంచీ యూనికోడ్ అడగడం మేలు.

రంగు తేడాకు కారణం వేరు. ఫోను తెర ఎరుపు, ఆకుపచ్చ, నీలం వెలుగులను కలిపి రంగు చూపిస్తుంది. అచ్చుయంత్రం నీలి, గులాబీ, పసుపు, నలుపు సిరాలను కలుపుతుంది. తెరమీద మెరిసే మామిడిపండు నారింజ రంగును ఆ సిరాలతో అంత మెరుపుగా తేవడం సాధ్యం కాదు. కాబట్టి ఫోనులో చూసి 'సరే' అనకండి. మీరు వాడే పౌచ్ ముక్క మీదే అచ్చు నమూనా తీయించుకొని, మీ తాండ్ర ముక్కను పక్కన పెట్టి, పగటి వెలుగులో చూడండి. తాండ్ర నెలలు గడిచేకొద్దీ ముదురు రంగుకు తిరుగుతుంది కనుక వేసవిలో చేసినదాన్ని కాక, దసరానాటికి ఉండే రంగును బట్టి ప్యాకెట్ రంగు నిర్ణయిస్తే ఏడాదంతా సరిపోతుంది.

2020లో కేంద్ర ప్రభుత్వం మొదలుపెట్టిన సూక్ష్మ ఆహారశుద్ధి సంస్థల పథకంలో, సంఘాలు ఉమ్మడిగా చేసే బ్రాండింగు, మార్కెటింగు ఖర్చులో 50 శాతం వరకు సాయం ఉంది. ప్రస్తుతం దరఖాస్తులు తీసుకుంటున్నారో లేదో జిల్లా పరిశ్రమల కేంద్రంలో కనుక్కున్నాకే డిజైనరుకు బయానా ఇవ్వండి.

ప్రశ్న: శ్రీకాకుళంలో మా తాతగారు పెట్టిన బట్టల దుకాణం మాది. విజయనగరంలో గంటస్తంభం దగ్గర రెండో దుకాణం తెరుస్తూ, రెండింటికీ ఒకేసారి కొత్త బోర్డులు పెట్టించాం. పాత ఎర్ర బోర్డు తీసేసి, పేరును మూడు ఇంగ్లీషు అక్షరాలకు కుదించి, బూడిదరంగు మీద సన్నగా వేయించాం. అప్పటి నుంచి నరసన్నపేట, ఆమదాలవలస వైపు నుంచి వచ్చే పాత ఖాతాదారులు 'యాజమాన్యం మారిందా బాబూ' అని అడుగుతున్నారు. వ్యాపారం కూడా తగ్గింది. పాత బోర్డే పెట్టేయమంటారా?

జవాబు: మొదట, వ్యాపారం తగ్గింది బోర్డు వల్లేనా అన్నది తేల్చుకోండి. మీది ప్రధానంగా పెళ్లిబట్టల వ్యాపారం. గత ఏడాది ఇదే నెలల్లో ముహూర్తాలు ఎన్ని, ఈ ఏడు ఎన్ని, మధ్యలో మూఢం కాని ఆషాఢం కాని అధిక మాసం కాని అడ్డుపడ్డాయా అని పంచాంగం పక్కన పెట్టుకొని బిల్లు పుస్తకాలు తిరగేయండి. పెళ్లి బిల్లులను, రోజువారీ చిల్లర బిల్లులను వేరుచేసి చూస్తే ఇంకా స్పష్టంగా ఉంటుంది. ముహూర్తాలు లేక తగ్గిన వ్యాపారానికి బోర్డును నిందించి మళ్లీ డబ్బు తగలేసినవారు ఉన్నారు.

అయినా ఖాతాదారులు అడుగుతున్న ఆ ఒక్క ప్రశ్న మాత్రం తేలికైనది కాదు. 2009లో అమెరికాలో ట్రాపికానా అనే పళ్లరసం కంపెనీకి ఇదే అనుభవమైంది. నారింజపండులో గుచ్చిన స్ట్రా బొమ్మ వారి డబ్బాకు ఆనవాలు. దాన్ని తీసేసి, కొత్త తరహాగా, శుభ్రంగా ఉండే డబ్బా తెచ్చారు. రసం మారలేదు, ధర మారలేదు. కొనేవారు అరలో తమ డబ్బాను గుర్తుపట్టలేకపోయారు. రెండు నెలలలోపే అమ్మకాలు దాదాపు 20 శాతం పడిపోయాయి, కంపెనీ పాత డబ్బానే వెనక్కి తెచ్చుకుంది. కొత్త డబ్బా అందంగా లేదన్నవారూ ఉన్నారు, కాని అసలు దెబ్బ వేరు. జనం కంటికి అలవాటైన ఆనవాలును కంపెనీ తన చేతులతోనే చెరిపేసింది.

మీ ఆనవాలు ఎర్ర బోర్డు. మూడు తరాలుగా పల్లెల నుంచి పెళ్లిబట్టలకు వచ్చే కుటుంబాలు మీ దుకాణం పేరును పూర్తిగా పలుకుతాయో లేదో కాని, 'ఎర్ర బోర్డు కొట్టు' అని తప్పక చెప్పుకుని ఉంటాయి. ఇక్కడ మీరు చేసిన అసలు పొరపాటు మరొకటి: రెండు ఊళ్లలో మీ లక్ష్యాలు రెండు రకాలు, వాటికి ఒకే మందు వేశారు. శ్రీకాకుళంలో మీరు చేయవలసింది ఉన్నవారిని నిలుపుకోవడం. విజయనగరంలో మీరెవరో తెలియనివారికి పరిచయం కావడం. మొదటిదానికి మార్పు ఎంత తక్కువైతే అంత మంచిది. రెండోదానికి కొత్తదనం కావాలి, కాని అక్కడ కూడా 'శ్రీకాకుళంలో తాతల నాటి దుకాణం' అన్న మాటే మీ బలం. పైడితల్లి అమ్మవారి సిరిమానోత్సవానికి జిల్లా అంతా కదిలివచ్చే ఊరది. ఆ జనంలో శ్రీకాకుళం బంధువులున్న కుటుంబాలు ఎన్నో ఉంటాయి. వారు మిమ్మల్ని గుర్తుపట్టేది ఎర్ర రంగును బట్టే, మూడు ఇంగ్లీషు అక్షరాలను బట్టి కాదు.

కనుక పాత బోర్డును యథాతథంగా పెట్టమనను. అందులో ఫోను నంబర్లు, దేవుళ్ల బొమ్మలు, మూడు రకాల అక్షరాలు కిక్కిరిసి ఉన్నాయి. ఎరుపును, తెలుగులో పూర్తి పేరును వెనక్కి తెచ్చుకొని, అక్షరాన్ని శుభ్రంగా తిరిగి రాయించండి. దుకాణం మొదలైన సంవత్సరాన్ని చిన్నగా వేయించండి. మీ మూడు ఇంగ్లీషు అక్షరాలు వృథా కానక్కర్లేదు. క్యారీ బ్యాగు మీద, ఇన్‌స్టాగ్రామ్ పేజీలో చిన్న గుర్తుగా వాడుకోండి. బూడిదరంగు మీద సన్న అక్షరం గురించి నాకూ ఒక చేదు జ్ఞాపకం ఉంది. పాతికేళ్ల క్రితం ఒక మందుల దుకాణానికి అలాంటి బోర్డు గీసి ఇచ్చి ఎంతో మురిసిపోయాను. సందెవేళ రోడ్డుకు అవతలి నుంచి చూస్తే అక్కడ బోర్డు ఉన్నట్టే తెలియలేదు. యజమాని నన్నేమీ అనలేదు, కాని ఆ బోర్డుకు ట్యూబులైట్ల ఖర్చు ఆయనకు మిగిలింది.

ప్రశ్న: బొబ్బిలి వీణ నమూనాలు, బుడితి ఇత్తడి సామాను కొని ఆన్‌లైన్‌లో అమ్ముతున్నాం. వీటికి జీఐ (భౌగోళిక) గుర్తింపు ఉంది కదా, మా బ్రాండు పేరులో 'బొబ్బిలి' పెట్టుకొని లోగో పక్కన జీఐ గుర్తు వేసుకోవచ్చా?

జవాబు: వద్దు. భౌగోళిక గుర్తింపు ఆ సరుకు తయారుచేసేవారిది, అమ్మే దుకాణానిది కాదు. 1999 నాటి భౌగోళిక గుర్తింపుల చట్టం ప్రకారం గుర్తింపును వాడుకునే హక్కు దానిని నమోదు చేయించిన సంస్థకు, అధీకృత వినియోగదారులుగా పేరు నమోదైనవారికి ఉంటుంది. మీరు కొనే పనివారు అలా నమోదయ్యారో లేదో అడగండి. కాకపోతే నమోదుకు వారికి సాయం చేయండి, మీకూ అదే లాభం. మీ బ్రాండుకు వేరే పేరు పెట్టుకోండి. ప్రతి వీణతోపాటు, అది బొబ్బిలి దగ్గరి గొల్లపల్లిలో ఎవరి చేతిలో తయారైందో, ఒకే పనస దుంగ నుంచి చెక్కిన ఏకాండి వీణ అంటే ఏమిటో చెప్పే చిన్న అట్ట ముక్క, పనివారి అంగీకారంతో, జతచేయండి. కొనేవారు ఎక్కువ ధర ఇచ్చేది ఆ వివరానికే.

ప్రశ్న: నేను రాజాంలో ఉంటూ చిన్న వ్యాపారులకు లోగోలు, ప్యాకెట్లు డిజైను చేస్తాను. 'లోగో ఇంకొంచెం పెద్దది చెయ్యి', 'పక్కవాడిలాగే కావాలి' అనడం తప్ప ఎవరూ వ్యాపారం గురించి మాట్లాడరు. పని అయ్యాక 'దీనివల్ల మాకేం ఒరిగింది' అంటారు. నా డిజైను వల్ల వ్యాపారం పెరిగిందని చూపించేదెలా?

జవాబు: పని అయ్యాక చూపించడం కుదరదు, మొదలుపెట్టకముందే కొలత పెట్టుకోవాలి. 'లోగో పెద్దది చెయ్యి' అన్న మాటను మొండితనంగా తీసుకోకండి. చాలాసార్లు ఆ యజమాని చెప్పదలచుకున్నది 'మా పేరు ఎవరికీ గుర్తుండటం లేదు' అని. అతని దగ్గర డిజైను మాటలు లేవు కనుక సైజు గురించి చెబుతాడు. అందుకే మొదటి రోజు కంప్యూటరు తెరవకుండా అతనితో గంటసేపు దుకాణంలో కూర్చోండి. వచ్చే ఏడాది ఇప్పటికంటే ఎక్కువ రావాలనుకుంటున్న డబ్బు ఎక్కడి నుంచి రావాలని అడగండి: ఇప్పుడు కొంటున్నవారే ఎక్కువ కొనాలా, కొత్తవారు రావాలా, అదే సరుకుకు ఎక్కువ ధర రావాలా, వేరే ఊరిలో అమ్మాలా? 'అన్నీ' అని జవాబు వస్తుంది. ఒక్కటి ఎంచుకునేదాకా లేవకండి. ఆ జవాబును ఒక కాగితం మీద రాసి, ఇద్దరూ సంతకం చేసి, దాని నకలు మీ దగ్గర ఉంచుకోండి. తరువాత 'పక్కవాడిలాగే' అన్నప్పుడు ఆ కాగితం తీసి, పక్కవాడి లక్ష్యం ఇదేనా అని అడగవచ్చు.

కొలత కూడా ఆ జవాబు నుంచే వస్తుంది. ఎక్కువ ధర రావాలన్నది లక్ష్యమైతే, కొత్త ప్యాకెట్‌ను రెండు దుకాణాల్లో కొంచెం ఎక్కువ ధరకు, పాత ప్యాకెట్‌ను మరో రెండు దుకాణాల్లో పాత ధరకు నెల రోజులు ఉంచి అమ్మకాలు పోల్చండి. కొత్తవారు రావాలన్నది లక్ష్యమైతే, ప్యాకెట్ మీద వాట్సాప్ క్యూఆర్ గుర్తును ఒక్కో దుకాణానికి ఒక్కో రకంగా వేసి, ఎక్కడి నుంచి ఎన్ని పిలుపులు వచ్చాయో లెక్కించండి. ఉన్నవారే ఎక్కువ కొనాలంటే, ఒకే ఫోను నంబరు మీద నెలలో రెండోసారి బిల్లు పడినవి ఎన్నో చూడండి. చిన్న దుకాణాల్లో కూడా ఇప్పుడు బిల్లింగ్ సాఫ్ట్‌వేరు ఆ లెక్క ఇస్తుంది. ఏది చేసినా కొత్త డిజైనుకు ముందు మూడు నెలల అంకెలు దగ్గర లేకపోతే తరువాతి అంకెలకు అర్థం ఉండదు. పండగ నెలను మామూలు నెలతో పోల్చి గొప్ప చెప్పుకోకండి, యజమానికి ఆ తేడా మీకంటే బాగా తెలుసు.

డిజైను ఒక్కటే అమ్మకం పెంచిందని ఎప్పుడూ అనకండి. అదే నెలలో అతను కొత్త సేల్స్‌మన్‌ను పెట్టి ఉండవచ్చు, పక్క దుకాణం మూతపడి ఉండవచ్చు. వాటిని కూడా కాగితం మీద రాయండి. కొన్నిసార్లు ఆ గంటసేపటి మాటల్లోనే యజమానికి కావలసింది లోగో కాదని, సరుకు వేళకు అందకపోవడమే అసలు సమస్య అని తేలుతుంది. అప్పుడు ఆ మాట చెప్పి, మీ గంట సమయానికి రుసుము తీసుకొని వచ్చేయండి. ఆ నెల ఒక లోగో డబ్బు పోతుంది. సరుకు సంగతి సర్దుకున్నాక ఆయన మళ్లీ మీ దగ్గరికే వస్తారు.